ఏ ఒంటికైనా

పోయిన వారం హనుమకొండ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కాను. ఎదుటి సీట్లో నలభై దాటిన ఒకాయన ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. లేత నీలం గళ్ళ చొక్కా వేసుకున్నాడు. ఫోన్ మోగితే జేబులోంచి తీశాడు. నా చూపు ఆ జేబు మీద ఆగిపోయింది. అందరి చొక్కాలకూ ఎడమవైపు ఉండే జేబు ఆయన చొక్కాకు కుడివైపు ఉంది. పైగా నిటారుగా లేదు. ఎడమ చేతి వేళ్ళు తిన్నగా దిగేటట్టు కాస్త వాలి ఉంది. అదంతా చూశాక గానీ, ఆయనకు కుడి చేయి మోచేతి కింద లేదన్న సంగతి నాకు కనబడలేదు. చొక్కా చేయి ఆ చేతి పొడవుకే ముగిసింది. మడిచి పిన్ను పెట్టింది కాదు, చివర పట్టీ వేసి, గుండీ కుట్టి ముగించింది.

"ఏమనుకోవద్దన్నా, ఈ అంగి ఎవరు కుట్టిండ్రు?" అని అడిగాను.

"ఎందుకమ్మా, మీ ఇంట్ల ఎవరికన్న కావాల్నా?"

"కాదన్నా, నేను గూడ టైలర్నే. కుట్టు చూస్తే తెలిసినట్టు అనిపిచ్చింది."

ఆయన చొక్కా వైపు చూసుకుని నవ్వాడు. "ఓ పెద్దమ్మ ఉండె. కొలతలు తీసుకునేటప్పుడు ఫోన్ తియ్యి, లోపల పెట్టు, మల్ల తియ్యి అని మూడు సార్లు తీయించింది. ఈమెకేమన్న పిచ్చా అనుకున్న. నా చెయ్యి యాడికి పోతాందో చూస్తాందని నాకేం తెల్సు? పోయిందట గద."

"అవునన్నా, పోయింది."

పోచమ్మ మైదాన్ దగ్గర ఆయన దిగిపోయాడు. నేనూ అక్కడే దిగాల్సింది. ఆటో కదిలాక గుర్తొచ్చింది.

ఆమె నాకు చుట్టం కాదు. నాకు కుట్టు నేర్పిన గురువు అందామా అంటే, ఆమెను కలిసేనాటికే నాకు సొంత షాపుంది. అయినా ఈ రోజు నా షాపు నడుస్తోందంటే ఆమె వల్లే. మా అమ్మ గడప దాటిందంటే అదీ ఆమె వల్లే. వరంగల్‌లో చాలామంది ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళు. నేనూ అంతే.

పొట్టి మనిషి. కళ్ళద్దాలకు లాగుల్లో వేసే ఎలాస్టిక్ కట్టి తల వెనక్కి బిగించుకునేది. టేపు మాత్రం మెడలో వేసుకునేది కాదు, చేతిలో చుట్ట చుట్టుకుని పట్టుకునేది. ఎందుకని అడిగితే, "మెడల ఏసుకుంటే డాక్టరు లెక్క కొడ్తది బిడ్డా. నా తానకొచ్చేటోళ్ళు సగం మంది దవాఖాన్ల నుంచే వస్తరు. మల్లొక డాక్టరా అని బెదురుతరు" అంది.

హనుమకొండలో ఆసుపత్రులున్న రోడ్డు వెనక సందులో ఆమె షాపు. రెండు గదులు, మూడు మిషన్లు. బయట నల్లరేకు మీద తెల్లరంగుతో రాయించిన బోర్డు. దాని మీద షాపు పేరు లేదు, ఆమె పేరూ లేదు. ఒకటే మాట: "ఏ ఒంటికైనా సరిపోయే బట్టలు కుట్టబడును."

కొలతలు తీసుకునేటప్పుడు తనూ కూర్చునేది, ఎదుటివాళ్ళనూ కూర్చోబెట్టేది. నిలబడితే మనుషులు తమకు లేని తిన్నదనం తెచ్చుకుంటారనీ, కూర్చుంటే ఒళ్ళు నిజం చెబుతుందనీ ఆమె నమ్మకం. గూని ఉన్న మనిషికి "నీకు ఎన్కకెల్లి నాలుగు వేళ్ళ గుడ్డ ఎక్కువ పడ్తది" అనేది, పొడుగు మనిషికి చేతులు ఇంకో రెండు వేళ్ళు పొడుగు పెట్టాలి అన్నంత మామూలుగా. ఆమె నోట జాలి మాట నేనెప్పుడూ వినలేదు. ఎవరైనా తమ ఒంటిని తిట్టుకుంటే మాత్రం కోపం వచ్చేది. "ఒంటిది తప్పా? అది ఎట్లున్నదో అట్లనే ఉంటది. తప్పు గుడ్డది. కత్తెర నా చేతుల ఉన్నది గద, ఇంక నీకేం ఫికర్?"

ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడిగేది: "ఇది ఏస్కొని ఏడికి పోతవ్?" మా అమ్మనూ అదే అడిగింది.

అమ్మకు క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది, మందులు పనిచేశాయి. కానీ అమ్మ దవాఖానకు తప్ప గడప దాటడం మానేసింది. ఇంట్లో కూడా ఎప్పుడూ భుజం మీద తువాలు కప్పుకునే ఉండేది. నేను టైలర్ని. మా షాపు ముందు నా ఫోటోతో ఫ్లెక్సీ ఉంది. అమ్మ కోసం మూడు జాకెట్లు కుట్టాను. మొదటిదాంట్లో దూది పెట్టాను, అది ఒకచోట నిలవలేదు. రెండోది వదులుగా కుట్టాను, భుజం నుంచి జారింది. మూడోది వేసుకుని అమ్మ అద్దం ముందు కాసేపు నిలబడింది. "మంచిగనే ఉన్నది బిడ్డా" అంటూ మళ్ళీ తువాలు కప్పుకుంది. ఆ రోజు షాపుకు వెళ్ళి షట్టర్ సగం దించి ఏడ్చాను. ఊళ్ళో వాళ్ళందరికీ కుడతాను, కన్నతల్లికి ఒక జాకెట్టు కుట్టలేకపోయాను.

దవాఖానలో అమ్మకు కట్లు మార్చిన సిస్టర్ పెద్దమ్మ సంగతి చెప్పింది. అమ్మను బలవంతంగా ఆటో ఎక్కించి తీసుకెళ్ళాను.

పెద్దమ్మ అమ్మను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "ఈ జాకెట్టు ఏస్కొని ఏడికి పోతవ్ చెల్లె?" అంది.

"యాడికి పోను అక్కా. ఇంట్లనే."

"ఇంట్ల ఏసుకునేదానికి మీ బిడ్డ కుట్టినయి చాలు గద. యాడికి పోనోళ్ళకు నేను కుట్ట. ఒక్క జాగ చెప్పు."

అమ్మ భుజం మీది తువాలు సర్దుకుంది. నేను సర్దిచెప్పబోతే పెద్దమ్మ కళ్ళతోనే ఆపింది. కుట్టు మిషన్ల దగ్గరున్న ఇద్దరు ఆడవాళ్ళు పెడల్ మీంచి కాళ్ళు తీశారు. గదిలో చప్పుడు ఆగింది.

"సద్దుల బతుకమ్మకు" అంది అమ్మ చివరికి. "మా వాడకట్టోళ్ళతోటి."

"గట్ల చెప్పు!" పెద్దమ్మ ముఖమంతా నవ్వయింది. "అయితే ఆడాలె. వంగాలె, లేవాలె, చప్పట్లు కొట్టాలె. ఏది, ఒక్కసారి కొట్టు."

అమ్మ సిగ్గుపడుతూ చేతులెత్తింది. ఎడమ చేయి రొమ్ము ఎత్తు దాటి లేవలేదు.

"గింతే లేస్తదా? గింతే చాలు. చప్పట్లకు తలకాయ మీదికెల్లి ఎత్తాల్నా ఏంది?" అంటూ ఆ ఎత్తు దగ్గరే టేపు పెట్టి కొలత రాసుకుంది.

నాలుగు రోజుల తర్వాత జాకెట్టు ఇచ్చింది. చంక కింద మెత్తటి గుడ్డతో మూడు మూలల ముక్క వేసింది. లోపల చిన్న జేబు, ఆ జేబులో గుడ్డసంచి, సంచిలో ఆవాలు. "దూది పెట్టినవట గద, దూదికి బరువేడిది?" అంది నాతో. "ఒక దిక్కు బరువుండి ఒక దిక్కు లేకుంటే భుజం వంగుతది. మనిషి వంగినంక ఎంత మంచి జాకెట్టయితే ఏంది?" అమ్మ పరదా వెనక్కి వెళ్ళి వేసుకుంది. లోపల్నుంచి, "బిడ్డా, అద్దం ఉన్నదా?" అని అడిగింది. ఎన్ని నెలల తర్వాత ఆ మాట విన్నానో!

ఆ ఏడు సద్దులకు అమ్మ రెండు చుట్లు ఆడి కూర్చుంది. తర్వాత లేచి మళ్ళీ ఆడింది. పెద్దమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి, బతుకమ్మ ఆట చూడడానికి రాలేదు. మర్నాడు పొద్దున్నే మాత్రం ఫోన్ చేసింది. "చంక తాన బిగుతుగ పట్టిందా, పట్టలేదా? అది చెప్పమను ముందుగాల."

ఆ తర్వాత నేను తరచుగా అక్కడికి వెళ్ళేదాన్ని. కుట్టు చూడడానికని చెప్పేదాన్ని గానీ, నిజానికి నా షాపు నుంచి పారిపోవడానికే వెళ్ళేదాన్ని.

నా షాపు అప్పటికి మూడేళ్ళది. ఏది వస్తే అది ఒప్పుకునేదాన్ని. మగ్గం వర్కు జాకెట్లు, స్కూలు యూనిఫాంలు, లెహంగాలు, కర్టెన్లు, దిండు గలీబులు, చీరలకు ఫాల్. ఏదీ చెప్పిన రోజుకు అయ్యేది కాదు. యూనిఫాంల మీద కూర్చుంటే పెళ్ళి జాకెట్లు ఆగేవి, కర్టెన్లు మొదలుపెడితే యూనిఫాంల వాళ్ళు వచ్చి అరిచేవాళ్ళు. ఒక పెళ్ళికూతురి తల్లి, పెళ్ళి పొద్దున జాకెట్టు కోసం వచ్చి, అది ఇంకా ముక్కలుగానే ఉండడం చూసి, మా మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఒకరోజు పెద్దమ్మ చెప్పకుండా మా షాపుకు వచ్చింది. అటూ ఇటూ చూసి ఫ్లెక్సీ ముందు నిలబడింది. దాని మీదున్నవి మహిళల కోసం పెట్టిన వ్యాపార శిక్షణ తరగతుల్లో రాయించిన మాటలు. వాటిని చూస్తే నాకు గర్వంగా ఉండేది.

"కండ్లు మసక. జర చదువు" అంది.

"ప్రపంచ స్థాయి నాణ్యత, నమ్మకం, నవ్యతలతో, వినియోగదారుల సంతృప్తే ధ్యేయంగా, ఫ్యాషన్ రంగంలో అగ్రగామిగా నిలవడమే మా దార్శనికత" అని చదివాను.

"ఎవరు రాసిండ్రు?"

"ట్రైనింగ్‌ల సార్ చెప్పిండు పెద్దమ్మా. ముప్పై మందిమి రాసుకున్నం." మా పక్కన కూర్చున్న పచ్చళ్ళ వ్యాపారం ఆమె ఫ్యాషన్ అన్నచోట పచ్చళ్ళు అని మార్చుకుందని కూడా చెప్పాను. అది చెబుతుంటేనే నాకు సిగ్గేసింది.

పెద్దమ్మ నవ్వలేదు. మిషన్ మీదున్న సరితను, అంటే నా దగ్గర పనిచేసే అమ్మాయిని అడిగింది: "బిడ్డా, మీ దుకాణంల ఏం పని చేస్తరు?"

"ఏం వస్తే అది కుడ్తం పెద్దమ్మా" అంది సరిత.

"ఎవరికి?"

"ఎవరొస్తే వాళ్ళకు."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "ఆ పిల్ల నిజం చెప్పింది. నీ ఫ్లెక్సీ చెప్పలేదు. మంచి మాటలే రాసినవ్, గని అండ్ల ఏది వద్దంటవో లేదు బిడ్డా. వద్దు అని చెప్పనీకి రానిది అదేం మాట? తలుపు లేని ఇల్లది. అందరొస్తరు, ఎవరుండరు."

నాకు కోపం వచ్చింది. నీకేం, ముసలిదానివి, పిల్లల చదువులు లేవు, అద్దె షాపు కాదు, ఎన్నయినా చెబుతావు అనుకున్నాను. పైకి అనలేదు గానీ వారం రోజులు అటువైపు వెళ్ళలేదు.

మళ్ళీ వెళ్ళినరోజు అక్కడ ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు గారున్నారు. కొత్త యూనిఫాంలు మొత్తం పెద్దమ్మకే ఇస్తామంటున్నారు. అంత పెద్ద ఆర్డరు నా జన్మలో చూడలేదు. పెద్దమ్మ ఆయనకు కుర్చీ వేసి, అంతా విని, "సార్, మీ బడిల ఏ సైజుకు పట్టని పిల్లలు ఎంతమంది ఉంటరు?" అంది.

ఆయన ఆలోచించాడు. "నలుగురో అయిదుగురో ఉంటరమ్మా. ఒక పాపకు నడుముకు బెల్టుంటది..."

"ఆ అయిదుగురిని నాకియ్యుండ్రి. మిగిలిన పిల్లలకు ఎవరైన కుడ్తరు."

ఆయన వెళ్ళిపోయాక నేను ఉండబట్టలేక అరిచినంత పనిచేశాను. "ఎందుకు పెద్దమ్మా గట్ల చేసినవ్? ఇంకో రెండు మిషన్లు పెట్టుకుంటే అయిపోవు గద!"

ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కాక మాట్లాడింది. "ఆర్నెల్లు ఆ పని మీదనే ఉంటం. ఆ ఆర్నెల్లల్ల మీ అమ్మసొంటామె ఒకతి వస్తది. ఇప్పుడు కాదమ్మా, మల్ల రా అని చెప్పాలె. ఆమెకు అప్పటికే అందరు అదే మాట చెప్పి ఉంటరు. ఆఖరుకు నా తానకు వస్తది. నేను గూడ అదే చెప్పాల్నా?"

అప్పుడే తమ్ముడి సంగతి చెప్పింది, నాకు తెలిసి ఒకే ఒక్కసారి. తమ్ముడికి వెన్ను వంకర. పదో తరగతి ఫోటో కోసం చొక్కా కుట్టించడానికి అక్కాతమ్ముళ్ళు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైల్లో వరంగల్ వచ్చారట. టైలరు కొలత తీసుకోబోయి విసుక్కుని, "ముందు సక్కగ నిలబడమను వీన్ని" అన్నాడట. తమ్ముడు చక్కగా నిలబడడానికి ప్రయత్నించాడట. "ఆ నిలబడుడు నాకు ఇప్పటికి కనబడ్తది బిడ్డా" అని, కాలు మిషన్ మీద వేసి కుట్టడం మొదలుపెట్టింది. నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి. మిషన్ చప్పుడులో అడగలేకపోయాను.

ఆమె తప్పే చేయని మనిషి అని చెబితే అబద్ధమవుతుంది. మొండిది. సొంత చెల్లెలి బిడ్డ పెళ్ళికి జాకెట్టు కుట్టనంది, ఆ చుట్టాలు ఏడాది మాట్లాడలేదు. అదైనా సరే అనుకోవచ్చు. ఒకసారి కాలేజీ అమ్మాయి ఒకతి వచ్చి పొడుగు చేతుల డ్రెస్సు కావాలంది. సన్నగా, చక్కగా ఉంది. పెద్దమ్మ ఎగాదిగా చూసి, "నీకు బజార్ల ఏదైన పడ్తది బిడ్డా, షాపుల కొనుక్కో" అని పంపేసింది. ఆ పిల్ల వెనక్కి తిరిగింది. గడప దిగుతుంటే చున్నీ జారింది. మెడ నుంచి వీపు దాకా కాలిన మచ్చలు. రెడీమేడ్ గుడ్డ ఏది తగిలినా మండే చర్మమని తర్వాత తెలిసింది.

పెద్దమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా సందు చివరిదాకా పరుగెత్తింది. దొరకలేదు. రెండు రోజులు షాపు మూసి, ఆటోలో ఆ చుట్టుపక్కల కాలేజీల గేట్ల ముందు నిలబడింది. నేనూ వెంట వెళ్ళాను. మూడోరోజు సాయంత్రం ఒక హాస్టల్ దగ్గర దొరికింది. ఆ పిల్ల చేతులు పట్టుకుని, "తప్పయింది బిడ్డా. నా బోర్డు మీద ఏ ఒంటికైనా అని రాసుకున్న. నేనే సదువుకోలే" అంది. తిరిగి వస్తూ ఆటోలో, "నాకంటే నా బోర్డే మంచిది" అంది. ఆ రోజు నుంచి ఎవరినీ చూసి నిర్ణయించలేదు. ఎవరొచ్చినా కూర్చోబెట్టి, "బజార్ల బట్టలతోటి నీకు ఏం తక్లీఫ్?" అని ముందు అడిగేది. తక్లీఫ్ లేనివాళ్ళను నవ్వుతూ పంపేది.

ఇంత జరిగినా నా షాపుకు ఒక మాట వెతుక్కోవాలని నాకు బుద్ధి పుట్టలేదు. పుట్టించింది పెద్దమ్మ కాదు, సోమక్క.

సోమక్క పెద్దమ్మ దగ్గర మొదటినుంచీ పనిచేసేది. బడి మొహం చూడని మనిషి. టేపు మీద అంకెలు గుర్తుపడుతుంది, అంతే. ఒక ఎండాకాలం పెద్దమ్మ బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి వారాల తరబడి దవాఖానలో ఉంచారు. షాపు సోమక్కా, ఇంకొకామే నడిపారు. మధ్యాహ్నాలు నేను సాయం వెళ్ళేదాన్ని.

ఒకరోజు ఒక పెళ్ళివాళ్ళు వచ్చారు. మగవాళ్ళకు పన్నెండు కుర్తాలు, ఒకే రంగు, వారంలో కావాలి. పెద్దమ్మ పనితనం విని వచ్చామన్నారు. అదే సమయానికి ధర్మసాగర్ నుంచి ఒక తండ్రి కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ పిల్లకు వెన్నెముకకు ప్లాస్టిక్ చట్రం, మెడ కింద నుంచి నడుము దాకా. గురువారం ఉద్యోగం ఇంటర్వ్యూ. చట్రం కనబడకుండా, కూర్చుంటే పైకి లేవకుండా చుడీదార్ కావాలి.

నేను సోమక్కను పక్కకు లాగాను. "పెద్దమ్మకు ఫోన్ చేసి అడుగుదామా?"

"ఏమని?"

"ఏది పట్టాలె, ఏది ఇడవాలె అని."

సోమక్క నన్ను వింతగా చూసింది. "అడిగేదేమున్నది? బోర్డు సదవనీకి రాదా నీకు?" అంది. పెళ్ళివాళ్ళకు చేతులు జోడించి, పక్క వీధిలో మంచి టైలరున్నాడని దారి చూపించింది. ఆ పిల్లను కూర్చోబెట్టి, "ఇంటర్వ్యూల కుర్చుంటవా, నిలబడ్తవా? ఎట్ల కుర్చుంటవో జర చూపియ్యి" అని మొదలుపెట్టింది.

నేను అలాగే నిలబడిపోయాను. చదువురాని మనిషి, యజమాని దవాఖానలో పడుకుని ఉంటే, ఒక్క క్షణం తడబడకుండా తేల్చేసింది. డిగ్రీ చదివిన నేను నా షాపులో ఒక కర్టెన్ ముందు కుట్టాలా, జాకెట్టు ముందు కుట్టాలా అని రోజూ సతమతమవుతాను. నేను బయటికెళ్తే సరిత ఫోన్ మీద ఫోన్ చేస్తుంది. తప్పు సరితది కాదు. మేం ఎవరికోసం ఉన్నామో నాకే తెలియనప్పుడు దానికెలా తెలుస్తుంది?

సాయంత్రం దవాఖానకు వెళ్ళి జరిగింది చెప్పాను. పెద్దమ్మ పైకప్పు వైపు చూస్తూ విన్నది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు. "అయితే ఇగ నేను జర నిమ్మళంగ పండుకోవచ్చు" అంది.

నా మాట నాకు దొరకడానికి మరో రెండు నెలలు పట్టింది. రాసిన కాగితం తీసుకెళ్ళేదాన్ని, ఆమె వాకర్ పట్టుకుని గదిలో నడుస్తూ వినేది. "ఇదైతే ఎవరైన అంటరు." "ఇది నువ్వు చేయవు, చేస్తనని అనుకుంటున్నవ్." "ఇది మంచిగున్నది గని నాది. నీది తే." ఒకసారి విసిగిపోయి, మా షాపులో అందరికన్నా సంతోషంగా వెళ్ళేది ఎవరు అని సరితనే అడిగాను. అది ఆలోచించకుండా చెప్పింది: "బస్సు కండక్టరక్క. కుర్తీకి జేబులు పెట్టినం గద, రెండేండ్ల సంది మన తాననే కుట్టిచ్చుకుంటది." తర్వాత నర్సులు, అంగన్‌వాడీ టీచర్లు, బ్యాంకులో ఊడ్చే ఆమె. వాళ్ళెవరికీ మగ్గం వర్కులు అక్కర్లేదు. వంగితే చిరగకూడదు, రోజూ ఉతికితే పాడవకూడదు, సెలవు దొరికిన ఒక్కరోజున వస్తే సిద్ధంగా ఉండాలి.

కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళాను: "పనికి పోయే ఆడవాళ్ళకు రోజూ వేసుకునే బట్టలు. చెప్పిన రోజుకు."

పెద్దమ్మ నడవడం ఆపింది. రెండుసార్లు చదివించుకుంది. "పెండ్లి జాకెట్టు వస్తే?"

"పంపిచ్చేస్త పెద్దమ్మా."

"ఏడుపు రాదా?"

"మొదటి రెండు సార్లు వస్తది."

"ఏడువు. ఏడ్చుకుంటనే పంపు" అంది. వాకర్ వదిలి నా తల మీద చేయి పెట్టింది. పడిపోతుందేమోనని పట్టుకున్నాను.

నిజంగానే ఏడ్చాను, రెండుసార్లు కాదు, అయిదారు సార్లు. పండగ ముందు ఖాళీగా కూర్చున్న వారాలున్నాయి. మా ఆయన రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు. తర్వాత కండక్టరక్క తన డిపో వాళ్ళను తీసుకొచ్చింది, నర్సులు నర్సులను తీసుకొచ్చారు. ఇప్పుడు నాలుగు మిషన్లు. నేను పెళ్ళికో పేరంటానికో వెళ్తే సరిత ఫోన్ చేయదు. చేయాల్సిన అవసరం రాదు.

పెద్దమ్మ నిద్రలోనే పోయింది. సమాధుల తోటకు వెళ్ళేసరికి లోపల చోటు లేదు. వచ్చినవాళ్ళలో చాలామంది కొలతలు పెద్దమ్మ షాపులో నేను స్వయంగా రాసుకున్నవే. ఎవరి భుజం వంకరో, ఎవరి వీపు ఎత్తో నాకు తెలుసు. ఆ జనంలో వాళ్ళను వెతికాను. ఒక్కరినీ వెంటనే పోల్చుకోలేకపోయాను. ఎవరి బట్టలు వాళ్ళ ఒంటి మీద చక్కగా కుదిరి ఉన్నాయి. ఎండలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్న మామూలు మనుషుల్లా ఉన్నారందరూ. మా అమ్మ కూడా వాళ్ళలో ఉంది.

ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, ఆమె గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. నేను ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాను. అప్పుడు సోమక్క కొంగు నడుముకు చుట్టుకుని ముందుకొచ్చింది. మట్టి వైపు ఒకసారి చూసి, జనం వైపు తిరిగింది.

"దుకాణం రేపొద్దుగాల తెరుస్తం" అంది. "రాండ్రి."